మొదటి పళ్ళెం ఎవరికి?

తప్పు ముందే ఒప్పేసుకుంటే తిట్లు తక్కువ పడతాయని ఈ కథ రాస్తున్నవాడి నమ్మకం. తప్పు ఇదీ: వీధికి ఇటుపక్క ఒక షాపు, అటుపక్క ఒక షాపు. రెండు షాపుల్లోంచి ఇద్దరు ఆడవాళ్ళు రోజంతా ఒకరినొకరు చూసి నవ్వుకుంటుంటే, వాళ్ళిద్దరూ స్నేహితులనుకున్నాడు. అందులో ఒకావిడ సొంత వదిన. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుక్కర్లో అన్నం తింటూ, ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోతోందని కనిపెట్టలేకపోయాడు. మనుషుల్ని ఆటపట్టించడమే పనిగా పెట్టుకున్న మరిదికి ఆ మాత్రం తెలియకపోవడం సిగ్గుచేటు. చెంపలేసుకున్నాడు. ఇక కథ.

వదినని వీధిలో పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ జిరాక్స్ అక్క. ఆ షాపు ఎంత ఉంటుందంటే, లోపల ఆవిడా మెషీనూ ఉంటే మూడో మనిషి మెట్టు మీద నిలబడి మాట్లాడాలి. కాగితాలు బయటికి రాగానే కట్టని బల్ల మీద నిలబెట్టి, నాలుగు వైపులా టకటకా తట్టి, అంచులు కలిపి ఇస్తుంది. అంచు కలవని కట్ట ఆవిడ చేతిలోంచి బయటికి పోదు. ఇంట్లోనూ అంతే. చెప్పులు వంకరగా ఉంటే కాలితో సర్దుతుంది. కాలెండర్ వంకరగా ఉంటే చేత్తో సర్దుతుంది. మరిది వంకరగా ఉంటే నోటితో సర్దుతుంది.

ఇక ఆవిడ కుళ్ళు సంగతి. కొందరు కుళ్ళుకుంటే లోపల దాచుకుంటారు. వదిన దాచుకోదు. అంట్లతో పాటు సింకులో వేసి, ఇంటిల్లిపాదికీ వినపడేలా తోముతుంది. పక్కింటివాళ్ళు కిటికీకి కొత్త కర్టెన్లు వేస్తే, వాటికంటే ఎక్కువ కుచ్చులు పెట్టి కుట్టించుకుంది. కుట్టించుకుని కూడా రోజూ వాళ్ళ కిటికీయే చూసేది. ఒకసారి మరిదికి జ్వరం వచ్చి చుట్టాలంతా వరసగా చూడటానికి వస్తుంటే, "నాకు వచ్చినప్పుడు ఒక్కళ్ళూ తొంగి చూడలేదు. నాది జ్వరం కాదా?" అని మరిది నోట్లో థర్మామీటరు పీకి కడుక్కుని తన నోట్లో పెట్టుకుంది. అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. ఆయన వెనక సీట్లో రోజూ కూర్చుని కబుర్లు చెప్పే ముసలావిడ ఒకరున్నారు. పళ్ళు కూడా లేవు పాపం. ఆవిడ మీదా వదినకి కన్నే. "నాతో ఎప్పుడైనా అన్ని మాటలు మాట్లాడారా మీరు?" అంటుంది. "ఆవిడ వెనకాల కూర్చుంటుందే, నువ్వు ఎదురుగా కూర్చుంటావు. భయం వేయదూ?" అంటాడు అన్నయ్య.

ఇన్ని కుళ్ళుల్నీ పక్కకి నెట్టి, కిందటేడు ఎదురుగా ఒక బేకరీ వెలిసింది. దాని యజమానురాలే బేకరీ ఆంటీ. మనిషి నిండుగా ఉంటుంది, నవ్వు అంతకంటే నిండుగా ఉంటుంది. ఆవిడ నవ్వితే అద్దం వెనకాల బన్నులు కూడా కదిలినట్టుంటాయి. జిరాక్స్ తీయించుకున్నవాళ్ళు అటు వెళ్ళి ఏదో ఒకటి తిని, నూనె వేళ్ళతో కాగితాలు ఖరాబు చేసుకుని, మళ్ళీ వదిన దగ్గరికే వచ్చేవాళ్ళు. అది ఆవిడ భరించింది. భరించలేనిది వేరే ఉంది.

వదినకి ఒక్కడే కొడుకు. ఒళ్ళంతా సన్నంగా ఉండి, తల మాత్రం జుట్టుతో గుబురుగా ఉంటుంది కాబట్టి వాడు అగ్గిపుల్ల. ఇదివరకు బడి వదలగానే వచ్చి మెషీను పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఇప్పుడు సంచీ ఆ స్టూలు మీద విసిరేసి, వెనక్కి చూడకుండా వీధి దాటేస్తున్నాడు. అక్కడ ఆంటీ కేకు తిన్నగా కోసేటప్పుడు రాలే అంచులన్నీ వాడికే పెడుతుంది. హోంవర్కు అక్కడే. కబుర్లు అక్కడే. ఒకరోజు భోజనాల దగ్గర వాడు తల ఎత్తకుండా, ఏదో లెక్క చెప్పినంత మామూలుగా అన్నాడు:

"బేకరీ ఆంటీ అస్సలు అరవదమ్మా."

వదిన గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. "నేను అరుస్తానా?" అని అరిచింది.

ఆ మాట మాత్రం ఆవిడ సింకులో వేయలేదు. లోపలే పెట్టుకుంది.

వాళ్ళ బడికి ఏటా ఒక సేవారోజు ఉంటుంది. పిల్లలూ తల్లిదండ్రులూ అందరూ కలిసి ఊరికి పనికొచ్చే పని ఏదో ఒకటి చేస్తారు. ఒక ఏడు పార్కు కాలవలు తీశారు, ఒక ఏడు లైబ్రరీ దులిపారు. దానికో వింత పద్ధతి ఉంది. చిన్న తరగతుల పిల్లలు అమ్మానాన్నల దగ్గరే ఉండొచ్చు. అయిదో తరగతి నుంచి మాత్రం పిల్లల్ని మార్చేస్తారు. ఒకరి పిల్లలు ఇంకొకరి దగ్గర పనిచేయాలి. "సొంత పిల్లలైతే మీరే చేసిపెట్టేస్తారు, లేదంటే తిట్టి కూర్చోబెడతారు. పరాయి పిల్లలైతే రెండూ కుదరవు" అంటుంది హెడ్మాస్టరమ్మ. పని జరుగుతుండగా సొంత పిల్లల్ని పిలవకూడదు. పిలిస్తే ఆవిడ మెడలో విజిల్ మోగుతుంది.

చివర్లో భోజనాలు. పెద్దవాళ్ళు కూర్చుంటారు, పిల్లలు వడ్డిస్తారు. ప్రతి పిల్లా, పిల్లాడూ మొదటి పళ్ళెం తనకి నచ్చిన పెద్దవాళ్ళకి తీసుకెళ్ళి ఇవ్వాలి. ఎవరికి ఇవ్వాలో ఎవరూ చెప్పకూడదు. బహుమతులూ సర్టిఫికెట్లూ ఏమీ లేవు గానీ, ఆ పళ్ళేలు ఎటు నడుస్తున్నాయో అందరూ చూస్తూనే ఉంటారు. అగ్గిపుల్ల చిన్నప్పటి నుంచీ వదినకే తెచ్చాడు. సగం అన్నం దారిలో పోసుకుంటూ తెచ్చేవాడు. మిగిలిన సగం గురించి వదిన జిరాక్స్‌కి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది.

ఈ ఏడు వాడు అయిదో తరగతి.

బళ్ళో మైకులూ బెల్లూ పంకాలూ పాడైతే బాగుచేసేది మరిదే. చదువు మధ్యలో వదిలేసి, కనపడిన సామానల్లా విప్పి, మళ్ళీ బిగించలేక తన్నులు తిని నేర్చుకున్న విద్య. ఎప్పుడూ బళ్ళోనే తిరుగుతుంటాడని పిల్లల జతలు కలిపే పని కూడా హెడ్మాస్టరమ్మ వాడికే అప్పగించింది. వాడు ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చాడు.

"వదినా, అగ్గిపుల్లని ఎవరికి వేశానో చెప్పుకో."

వదిన బట్టలు మడతపెడుతోంది. "ఎవరికి?"

"నీ స్నేహితురాలికే. బేకరీ ఆంటీకి. వాళ్ళమ్మాయిని నీకు వేశా. ఇచ్చిపుచ్చుకున్నట్టుంటుంది."

మడతపెట్టిన చొక్కానే వదిన మళ్ళీ విప్పింది. "ఆవిడ నా స్నేహితురాలని నీకెవరు చెప్పారు?"

"రోజూ నవ్వుకుంటారుగా?"

"నవ్వకపోతే కుళ్ళుకుంటున్నాననుకోదూ?"

"కుళ్ళుకుంటున్నావా మరి?"

"నోరు ముయ్యి. వెళ్ళి మార్చు."

"హెడ్మాస్టరమ్మ జాబితా అందరి ముందూ చదివేసింది. ఇప్పుడు మార్చమంటే ఎందుకని అడుగుతుంది. ఏం చెప్పను?"

"వాడికి బేకరీ పడదని చెప్పు."

"వాడికి బేకరీ ఎంత బాగా పడుతుందో బడి బడంతా చూస్తోంది వదినా."

ఈలోగా పక్కగదిలోంచి అగ్గిపుల్ల దూసుకొచ్చాడు. "బేకరీ ఆంటీయా? నిజంగా? బాబాయ్, నువ్వు దేవుడివి!" అంటూ వాడు ఎగిరిన ఎగురుడుకి మడతపెట్టిన బట్టల దొంతర పక్కకి వాలింది. వదిన దాన్ని సర్దలేదు. వంకరగా ఉన్నది సర్దకుండా వదినని చూడటం మరిదికి అదే మొదటిసారి. అప్పుడు తెలిసింది తను ఎంత పెద్ద గోతిలో కాలు పెట్టాడో.

అన్నయ్య చెప్పులు విప్పుతూ, "ఒక్కరోజే కదే. సాయంత్రానికి ఇంటికొస్తాడు" అన్నాడు.

"మీ బస్సూ వస్తుంది సాయంత్రానికి డిపోకి. రోజంతా ఎవరెవరిని ఎక్కించుకుందో ఎవరికి తెలుసు?"

అన్నయ్య చెప్పులు మళ్ళీ వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే వదిన ఒక నిర్ణయం తీసుకున్నట్టుంది. మర్నాటి నుంచి ఇంట్లో అరుపు లేదు. "నాన్నా, లేస్తావా? పాలు చల్లారిపోతాయి కన్నా" అని పొద్దున్నే పంచదార పాకం లాంటి గొంతు వినిపిస్తే, అగ్గిపుల్ల దుప్పట్లోంచి ఒక కన్ను తెరిచి బాబాయిని గిల్లాడు. "అమ్మకి ఒంట్లో బాలేదా?"

వాడు అన్నం సగం వదిలేసినా వదిన ఏమీ అనలేదు. లెక్కల్లో సున్నా తెచ్చుకున్నా, "పోనీలే, గుండ్రంగా బాగా వేశారు" అంది. మరిది కావాలని గోడ మీది కాలెండర్ వంకరగా తిప్పి చూశాడు. వదిన మెడ నరం ఒకటి లేచింది గానీ నోరు లేవలేదు. ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. సేవారోజుకి ముందురోజు, స్నానం చేసి వచ్చి అగ్గిపుల్ల తడి తువ్వాలు మంచం మీద పడేశాడు. అంతే. వారం రోజులుగా దాచుకున్న అరుపంతా ఒక్కసారి బయటికొచ్చింది. పక్కింటి కర్టెన్లు కదిలాయి. అగ్గిపుల్ల హాయిగా ఊపిరి పీల్చుకుని, "అమ్మకి తగ్గింది బాబాయ్" అన్నాడు.

వాడి బెంగ తగ్గింది. వదిన మాత్రం వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడిపోయింది. వారం కష్టం ఒక్క తువ్వాలుతో పోయింది.

ఈ ఏడు పని ఆసుపత్రిలో. రోగులు కూర్చునే హాల్లో, ఏళ్ళ తరబడి జనం తలలు ఆనించిన చోట గోడంతా నూనె మరకలు వరసగా పడ్డాయి. ఆ మరకల్ని గీకి, వాటి మీదుగా వెడల్పాటి నీలం పట్టీ వేయాలి. బయట ఆవరణలో ఇనప బెంచీలకి తుప్పు వదలగొట్టి రంగు వేయాలి. గోడ వదినకి, బెంచీలు బేకరీ ఆంటీకి. మధ్యలో పెద్ద కిటికీ. జతలు కలిపినవాడికి చోట్లు పంచేటప్పుడైనా బుద్ధి ఉండాలి. అదీ లేకపోయింది.

వదినకి వచ్చిన పిల్లని బళ్ళో టీచరమ్మ అంటారు. వయసు పదకొండు, చూపు మాత్రం యాభై ఏళ్ళది. ఎవరు ఏం తప్పు మాట్లాడినా అక్కడికక్కడే దిద్దుతుంది. నవ్వదు. అంత నవ్వే తల్లికి ఈ పిల్ల ఎలా పుట్టిందా అని వీధంతా అనుకుంటుంది.

"రా తల్లీ, రా బంగారం. ఈ బ్రష్షు పట్టుకో" అంది వదిన, కిటికీ అవతలకి వినపడేలా.

"ఇది బ్రష్షు కాదు, రోలర్ ఆంటీ" అంది టీచరమ్మ.

"ఎంత తెలివో! మా ఇంట్లో ఇలాంటి తెలివి మచ్చుకైనా లేదు" అని వదిన ఇంకా గట్టిగా అంది. కిటికీ అవతల ఎవరూ తల తిప్పలేదు.

మరిది పట్టీ తిన్నగా రావడానికి గోడకి దారం కడతానన్నాడు. "నాకు దారమా? నా కన్నే స్కేలు" అని వదిన తోసిపుచ్చింది. ఆవిడ ఎడమ చివర నుంచి, టీచరమ్మ కుడి చివర నుంచి మొదలుపెట్టారు. ఇద్దరూ కిటికీ కింద కలవాలి. మరిది హాలు మధ్యలో నిచ్చెన ఎక్కి, తిరగని పంకా విప్పుతున్నాడు. అక్కడి నుంచి చూస్తే భలే తమాషాగా ఉంది. హాల్లో, ఆవరణలో, వరండాలో ఉన్న తల్లులూ తండ్రులూ అందరి చేతులూ ఒకవైపు పనిచేస్తున్నాయి, మెడలు ఇంకోవైపు తిరిగి ఉన్నాయి. ఎవరి దగ్గరున్న పిల్లల్ని వాళ్ళు చూడట్లేదు. డాబా మీద నీళ్ళ ట్యాంకు కడగడానికి వెళ్ళిన అన్నయ్య కూడా పిట్టగోడ మీంచి తొంగి చూస్తున్నాడు.

వదిన మెడ అందరికంటే ఎక్కువ తిరిగింది. కిటికీలోంచి కనపడుతున్నది అలాంటిది మరి. ఇంట్లో తాగిన గ్లాసు కూడా తీయని కొడుకు, రెండు చేతులా బక్కెట్టు మోస్తున్నాడు. మోయడమే కాదు, పరుగెత్తుతున్నాడు. గరుకు కాగితంతో తుప్పు రుద్ది రుద్ది, ఉఫ్ అని ఊది, "ఆంటీ, చూడండి, నున్నగా వచ్చింది!" అని కేకేస్తున్నాడు. ఆంటీ చేత్తో తడిమి చూసి, "అబ్బ, నా బుగ్గలాగుంది నాన్నా!" అని నవ్వింది. నాన్నా అట!

వదిన ఆగలేకపోయింది. "ఒరేయ్, ఎండ! టోపీ పెట్టుకోరా!"

విజిల్ మోగింది. హెడ్మాస్టరమ్మ వరండాలోంచి వేలు చూపించింది. "జిరాక్సమ్మా, పరాయి పిల్లల్ని పిలవకూడదు."

"వాడు నా కొడుకండీ!"

"ఇవాళ కాదు."

తమాషాకే అందావిడ. అందరూ నవ్వారు కూడా. వదిన రోలరు రంగులో ముంచింది. ముంచింది ముంచినట్టే చాలాసేపు ఉంచేసింది.

కాసేపటికి నిచ్చెన కింద నుంచి గుసగుస వినిపించింది. "ఏయ్, దిగు. వెళ్ళి వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో విని రా."

"గూఢచారికి ఏమిస్తావు?"

"రాత్రికి అన్నం పెడతా. లేకపోతే అదీ లేదు."

మరిది స్క్రూడ్రైవరు వెతికే మిషతో బెంచీల చుట్టూ ఓ చుట్టు తిరిగొచ్చాడు. "ఏం లేదు వదినా. వాడు నిన్ను అనుకరిస్తున్నాడు. నడుం మీద చెయ్యేసి, 'ఎవడ్రా మంచం మీద తడి తువ్వాలు పడేసింది!' అని. అచ్చు నీ గొంతే. నేనే ఉలిక్కిపడ్డా."

"ఆవిడ?"

"పడీపడీ నవ్వుతోంది."

ఇప్పుడు వదిన ఒంటికాలి మీద లేస్తుందని మరిది నిచ్చెన మీద రెండు మెట్లు పైకెక్కాడు. వదిన లేవలేదు. గోడకేసి చూస్తూ నెమ్మదిగా అంది: "వెక్కిరిస్తే వెక్కిరించాడు. నా ముందు వెక్కిరించొచ్చుగా. ఆ నవ్వు నాకు రావాల్సింది."

మరిది పైకి చూసి పంకా రెక్క తుడిచాడు.

అప్పుడే టీచరమ్మ గొంతు వినపడింది. "ఆంటీ, మీ పట్టీ పైకి పోతోంది."

వదిన వెనక్కి జరిగి చూసింది. ఎడమ చివర తిన్నగా మొదలైన పట్టీ, కిటికీ దగ్గరపడే కొద్దీ మెల్లగా పైకెక్కి, గాజు వైపు మెడ చాచింది. ఎవరో కిటికీలోంచి తొంగి చూసినట్టే ఉంది. వంకర అన్నది జన్మలో వేయని మనిషి. మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి కుడివైపు చూసింది. టీచరమ్మ వేసిన పట్టీ కూడా అలాగే కిటికీ వైపు పైకెక్కి ఉంది.

"నాదంటే సరే. నువ్వెటు చూస్తూ వేశావు?"

టీచరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది. వదిన ఆ పిల్ల చూపు వెంబడే చూసింది. బయట బెంచీ దగ్గర బేకరీ ఆంటీ అగ్గిపుల్ల జుట్టులో చిక్కుకున్న తుప్పు రజను దులుపుతోంది.

"మీ వాడు రోజూ మా షాపుకి ఎందుకొస్తాడు?" అంది ఆ పిల్ల. దిద్దే గొంతు కాదది. "కేకు అంచులు నావి. షాపు లేనప్పుడు ఇంట్లో చేసిన కేకుల దగ్గర్నుంచీ నావే. ఇప్పుడన్నీ వాడికే పెడుతుంది. నేనడిగితే, నువ్వు పెద్దదానివి కదమ్మా అంటుంది."

వదిన రోలరు కింద పెట్టేసి దగ్గరికి జరిగింది. "అంచులన్నీనా?"

"చాక్లెట్‌వి కూడా."

"అయ్యో తల్లీ!"

"వాడు మా అమ్మతో, ఆంటీ మీ నవ్వు భలే ఉంటుంది అన్నాడు. నేనెప్పుడూ అనలేదు. నాకు తోచలేదు."

"నాతో ఒక్కసారి అంటేనా వెధవ!"

"మీరు నవ్వుతారా?"

"నవ్వించేవాడు మీ షాపులో ఉంటే ఎలా నవ్వుతానే?"

టీచరమ్మ కూడా రోలరు కింద పెట్టేసింది. "వాణ్ణి మీ షాపులోనే కట్టేసుకోవచ్చుగా ఆంటీ."

"కట్టేస్తే తాడు కొరుక్కుని పరుగెడతాడు. ఆ తాడుకీ అంచులు వెతుకుతాడు."

అంతే. టీచరమ్మ నవ్వింది. మామూలు నవ్వు కాదు, బన్నులు కదిలించే వాళ్ళమ్మ నవ్వే, ఇన్నేళ్ళూ ఎక్కడ దాచిందో ఏమో, హాలంతా దద్దరిల్లింది. నిచ్చెన మీద మరిది చేతిలోంచి స్క్రూ జారింది. బయట బేకరీ ఆంటీ గిరుక్కున తిరిగింది. ఎవరి నవ్వో తెలిసేసరికి ఆవిడ చేతిలో బ్రష్షు గాల్లోనే ఆగిపోయింది. ఆకుపచ్చ రంగు బొట్లు బొట్లుగా చెప్పు మీద పడుతున్నా చూసుకోలేదు. ఆవిడ మొహంలో మొదటిసారి నవ్వు లేదు.

వదిన ఆ మొహాన్ని తనివితీరా చూసింది. ఇన్ని నెలలుగా తన మొహం ఎలా ఉండి ఉంటుందో ఆవిడకి ఇప్పుడు తెలిసింది. ఆ మొహం ఎదుటివాళ్ళకి వచ్చినప్పుడు చూడటానికి ఎంత బాగుంటుందో కూడా తెలిసింది.

ఆ తర్వాత ఇద్దరూ జంటగా మొదలుపెట్టారు. ఒకరు వాళ్ళమ్మ మీద, ఒకరు వాళ్ళబ్బాయి మీద చెప్పుకున్న చాడీలకి అంతులేదు. చెప్పుకుంటూనే పట్టీ కింది అంచు తిన్నగా గీసి, మధ్యలో లావు చేసి సర్దేశారు. దూరం నుంచి చూస్తే కిటికీ కింద గోడకి కాస్త బొజ్జ వచ్చినట్టుంది. వదిన దాన్ని అలాగే వదిలేసింది.

"నా మొదటి పళ్ళెం మీకే ఆంటీ" అంది టీచరమ్మ, చేతులు కడుక్కుంటూ.

వదిన పొంగిపోయింది. పొంగుతూనే కళ్ళు కిటికీ అవతలకి పరుగెత్తాయి. ఈ పళ్ళెం వచ్చినా, ఆ పళ్ళెం రాకపోతే?

భోజనాలు ఆవరణలో పెట్టారు. అన్నం, కూర, ఒక అరటిపండు. పెద్దవాళ్ళంతా బల్లల ముందు కూర్చున్నారు. చోటు లేక వదినా బేకరీ ఆంటీ పక్కపక్కనే కూర్చోవాల్సొచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. పిల్లలు వరసగా గిన్నెల దగ్గరికి వెళ్ళారు. వదిన కొంగు సర్దుకుంది, జుట్టు సర్దుకుంది, బల్ల మీద చేతులకి చోటు చేసుకుంది.

అగ్గిపుల్ల పళ్ళెం పట్టుకుని బయల్దేరాడు. నాలుక పెదవి మీద పెట్టి, కళ్ళు అన్నం మీంచి తీయకుండా, అడుగులో అడుగేస్తూ వస్తున్నాడు. ఒక్క మెతుకు పడట్లేదు. ఎప్పుడూ సగం పోసుకుంటూ వచ్చేవాడు. ఇవాళ ఇంత జాగ్రత్త ఎవరికోసం? వదిన చేతులు బల్ల మీద కొంచెం ముందుకి జరిగాయి. వాడు దగ్గరికొచ్చాడు. తల ఎత్తాడు. రెండు మొహాలూ చూశాడు.

"తినండి ఆంటీ" అని బేకరీ ఆంటీ ముందు పెట్టి, గిన్నెల దగ్గరికి వెనక్కి పరుగెత్తాడు.

వదిన చేతులు మెల్లగా ఒళ్ళోకి వెళ్ళిపోయాయి. ఆ బల్ల దగ్గర అందరూ ఒక్కసారిగా అరటిపళ్ళ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

వెనకాలే టీచరమ్మ వచ్చింది. కొలిచినట్టు వడ్డించిన పళ్ళెం. వాళ్ళమ్మని దాటి వచ్చి వదిన ముందు పెట్టింది. "మాటంటే మాటే ఆంటీ" అని వెళ్ళిపోయింది. బేకరీ ఆంటీ కూతురి వీపు చూస్తూ నవ్వింది. ఆ నవ్వు ఎంతవరకు వెళ్ళి ఆగిందో వదినకి ఇట్టే తెలిసిపోయింది.

ఇద్దరూ కాసేపు తమకి రావలసిన పళ్ళెం వైపు చూస్తూ, వచ్చిన పళ్ళెంలో కలుపుకున్నారు.

"మా అమ్మాయి అంతలా నవ్వగా నేనెప్పుడూ వినలేదండీ" అంది బేకరీ ఆంటీ. "ఏం చెప్పారు?"

"మీ మీద చాడీలు" అంది వదిన. అబద్ధం ఆడటం ఆవిడకి రాదు. "మరి మావాడు?"

"మీ మీద చాడీలే."

"ఊఁ."

"కూరలో ఉప్పు తగ్గింది కదండీ?"

"తగ్గింది."

ఈలోగా అగ్గిపుల్ల రెండో పళ్ళెంతో వచ్చాడు. తల్లి ముందు పెట్టి నిలబడ్డాడు. ఇంకొకరైతే మాట్లాడకుండా తినేవాళ్ళు. వదిన సూటిగా అడిగేసింది.

"మొదటిది నాకెందుకు ఇవ్వలేదురా?"

వాడూ ఆవిడ కొడుకే. సూటిగానే చెప్పాడు. "ఆంటీకిస్తే తినేస్తుందమ్మా. నీకిస్తే ఏదో ఒకటి అంటావు."

"నేనేమంటాను?"

"ఏదో ఒకటి."

"ఎప్పుడన్నాను? ఏటా నువ్వు తెచ్చింది కళ్ళకద్దుకుని తిన్నానా లేదా? ఒక్క మాటన్నానా?" అంటూ వదిన పళ్ళెం దగ్గరికి లాక్కుంది. లాక్కుని చూసింది. అన్నం ఒక మూలకి ఒరిగిపోయింది. కూర మధ్యలో చెరువు కట్టింది. అందులో అరటిపండు సగం మునిగి, సగం తేలుతోంది.

"అరటిపండు కూరలో ఎవడైనా వేస్తాడ్రా!"

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఇటు తిరిగాయి.

"చూశావా?" అన్నాడు అగ్గిపుల్ల.

వదిన నోరు తెరిచింది. మూసింది. వాడు తల్లి మొహం చూసి, ఇంకేమీ ప్రమాదం లేదనిపించిందో, ఉన్నా పర్లేదనిపించిందో, నడుం మీద చెయ్యేసి, మెడ సాగదీసి, కళ్ళు పెద్దవి చేసి, అచ్చు ఆవిడ గొంతుతో, "అరటిపండు కూరలో ఎవడైనా వేస్తాడ్రా!" అన్నాడు. వేలు కూడా ఆవిడ ఆడించినట్టే ఆడించాడు.

వదిన నవ్వింది. ఆపుకుందామని చూసింది, కుదరలేదు. ముక్కులోంచి మొదలై భుజాలు ఊగేదాకా నవ్వింది. వాడు ఊరుకుంటాడా? తడి తువ్వాలు చేశాడు, కాలెండర్ చేశాడు, ఆవిడ కళ్ళజోడు తలమీదే పెట్టుకుని దానికోసం ఇల్లంతా వెతకడం చేశాడు. అన్నీ తల్లి ముందే, తల్లి కోసమే. వదిన కళ్ళు తుడుచుకుంటూ అరటిపండు కూరలోంచి తీసి, నీళ్ళతో కడిగి, ఒలుచుకుని తినేసింది. కానీ పక్కన బేకరీ ఆంటీ కూడా పడీపడీ నవ్వుతోందని గమనించి, కుర్చీ కొంచెం తిప్పి, కొడుక్కీ ఆవిడకీ మధ్య తన వీపు అడ్డం పెట్టింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు అగ్గిపుల్లా టీచరమ్మా ముందు నడుస్తున్నారు. కేకు అంచుల్లో ఎవరి వాటా ఎంతో ఆ పిల్ల వాడికి వేళ్ళు మడిచి చెబుతోంది. వాడు ఒప్పుకోవట్లేదు. అన్నయ్య ఎప్పటిలాగే అందరికీ వెనకాల. వదిన చీర మీద నీలం రంగు, వేళ్ళ సందుల్లో నీలం రంగు. మరిది పక్కకి చేరాడు.

"ఏం వదినా, కడుపుమంట చల్లారినట్టేనా? వచ్చే ఏడు కూడా వాణ్ణి బేకరీకే వేసేయమంటావా?"

వదిన నడక ఆపలేదు. తల కూడా తిప్పలేదు.

"వద్దు. వచ్చే ఏడు వాణ్ణి నీకు వెయ్యి. పొద్దున్నించి సాయంత్రం దాకా నీ మొహం చూశాడంటే, మొదటి పళ్ళెం ఏం ఖర్మ, గిన్నె గిన్నంతా నా దగ్గరికే మోసుకొస్తాడు."